చక్రం ఆడేంత జాగా

కొత్త సెడాన్ ఇంటికొచ్చిన వారంలోపే చాలామంది కుర్రాళ్లు చేసే పని ఒకటుంది. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరుకీ పైనున్న మడ్‌గార్డు అంచుకీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూస్తారు. నాలుగు వేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినా పట్టేస్తాయి. ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డ కార్లకు ఆ సందు రెండు వేళ్లకు మించదు. ఆ రెండు వేళ్ల తేడా కోసం బండి షెడ్డుకు వెళ్తుంది. సాయంత్రానికి నిజంగానే అందంగా తిరిగొస్తుంది, రోడ్డుకు అతుక్కున్నట్టు. ఆదివారం వెనక సీట్లో కూర్చున్న నాయనమ్మ రెండో స్పీడ్ బ్రేకర్ దాటగానే అడుగుతుంది: "మొన్నటిదాకా బాగానే ఉండేది కదరా, ఎడ్లబండిలా ఎత్తేస్తోందేంటి?"

కుర్రవాడి ముచ్చటా తప్పు కాదు, నాయనమ్మ నడుమునొప్పీ అబద్ధం కాదు. రెండింటినీ ఒకే బండిలో ఇమడ్చవచ్చు. దానికి ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. కారు కిందికి దిగినందువల్ల కుదుపు రాదు. చక్రం పైకి లేచేందుకు ఉన్న జాగా తగ్గినందువల్ల వస్తుంది. గుంత అంచో, రాయో తగిలినప్పుడు చక్రం బాడీని కదపకుండా తానొక్కటే పైకి లేచి దిగాలి. సస్పెన్షన్ చేసే పనంతా అదే. ఆ జాగా చివర బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క ఉంటుంది. చక్రం దాన్ని తాకిందంటే ఇక స్ప్రింగు పని అయిపోయినట్టే, దెబ్బ నేరుగా బాడీకీ, అక్కణ్నుంచి వెన్నెముకకీ వెళ్తుంది. బండిని ఎంత దించితే ఆ రబ్బరుకు అంత దగ్గరవుతాం.

ఎంత దగ్గరవుతామో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఒక మామూలు సెడాన్‌లో ముందు చక్రం బంప్ స్టాపును తాకేలోపు 80 మి.మీ. లేవగలదనుకుందాం. స్ప్రింగు తనలోకి తీసుకోగల శక్తి ఆ దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. బండిని 25 మి.మీ. దించితే మిగిలేది 55. పాత దెబ్బనే స్ప్రింగు ఒక్కటే ఆపాలంటే దాని బిరుసు రెట్టింపుకు పైగా, కచ్చితంగా చెప్పాలంటే 2.1 రెట్లు కావాలి. 50 మి.మీ. దించితే మిగిలేది 30. అప్పుడు కావలసిన బిరుసు ఏడు రెట్లు. ఏడు రెట్లు బిరుసైన స్ప్రింగు మీద బండి నడపడమంటే స్ప్రింగు లేకుండా నడపడంతో ఇంచుమించు సమానం. అనుభవజ్ఞులైన మెకానిక్‌లు పాతిక, ముప్పై మిల్లీమీటర్ల దగ్గర ఆగమని చెప్పడానికి కారణం ఇదే.

అసలు మన సెడాన్లు ఎందుకంత ఎత్తుగా నిలబడతాయి? ఇక్కడి రోడ్లూ, ఇక్కడి కుటుంబాలూ అంత ఎత్తు అడుగుతాయి. హోండా సిటీ గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ., మారుతి సియాజ్‌ది 170, స్కోడా స్లావియాది 179. ఇవి ఖాళీ బండి కొలతలు. నలుగురు పెద్దవాళ్లూ డ్రైవరూ కూర్చుని డిక్కీలో కాస్త సామాను పెడితే 350 కిలోలు ఎక్కినట్టు. ఒక్కో చక్రం మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోల బరువు పడుతుందనుకుంటే నాలుగు చక్రాలకూ కలిపి 8 కిలోలు. అంటే బండి 44 మి.మీ. కుంగుతుంది. 165 ఉన్నది 121 అవుతుంది. పాత స్ప్రింగుల బిరుసే ఉంచి 25 మి.మీ. దించితే 96 మిగులుతుంది.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ సంగతి చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ వంపు 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక ముక్క. సిటీ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లు కాబట్టి, బండి నట్టనడుమ నిలిచినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. బండి పొట్ట కిందికి పొడుచుకొచ్చే ఎత్తు 5 సెం.మీ. మాత్రమే. దించిన బండి కూడా హాయిగా దాటేస్తుంది. కాలనీ వాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకున్న మూరెడు వెడల్పు గట్టు అలా కాదు. చక్రాలు రెండూ చెరో పక్క నేల మీదే ఉంటాయి, మొత్తం 10 సెం.మీ. గట్టూ పొట్టకు ఎదురవుతుంది. 96 మి.మీ. బండి అక్కడ గీసుకోక తప్పదు. తెలుగు ఊళ్లలో సెడాన్ యజమానులు ఆయిల్ ఛాంబర్ పగిలిందని చెప్పుకునే కథల్లో చాలా వాటికి ఇలాంటి గట్టే కారణం.

ఇక్కడే ఒక మంచి కబురుంది. స్ప్రింగును పాతిక శాతం బిరుసు చేస్తే అదే 350 కిలోలకు బండి 44 కాకుండా 35 మి.మీ. కుంగుతుంది. 165 లోంచి దించిన 25, కుంగిన 35 తీసేస్తే 105. కంపెనీ నుంచి వచ్చిన బండి నిండుగా ఉన్నప్పటి ఎత్తు 121. రెంటికీ తేడా 16 మిల్లీమీటర్లే. ఖాళీగా నిలబడ్డప్పుడు అందంగా కిందికి ఉండి, కుటుంబం ఎక్కినప్పుడు పెద్దగా చతికిలబడని బండి ఇలా సాధ్యమవుతుంది. పేరున్న కంపెనీల లోయరింగ్ స్ప్రింగుల్లో చాలావరకు ఈ కొలతల చుట్టుపక్కలే ఉంటాయి.

పాతిక శాతం బిరుసు పెరిగితే కూర్చున్న మనిషికి ఎంత తెలుస్తుంది? దీనికి సమాధానం తొంభై ఏళ్ల కిందటి ప్రయోగాల్లో దొరుకుతుంది. రోల్స్ రాయిస్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు 1930లో అమెరికాలోని కాడిలాక్‌లో చేరాడు. ఒక పెద్ద కారుకు ముందూ వెనకా జరపగలిగే బరువులు బిగించి, స్ప్రింగులు మార్చి మార్చి, మనుషులను కూర్చోబెట్టి నడిపి, ఏది సుఖంగా ఉందో వాళ్లనే అడిగాడు. యంత్రాల కొలతల కంటే మనిషి వీపు చెప్పే మాటను ఆయన ఎక్కువ నమ్మాడు. ఆ పనిలోంచే జనరల్ మోటార్స్ 1934 మోడళ్ల ముందు చక్రాల స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది. ముందు స్ప్రింగులు వెనకవాటి కంటే మెత్తగా ఊగాలన్న సూత్రమూ అక్కడిదే.

ఆ సూత్రం వెనక సంగతి తేలిక. గతుకు ముందు చక్రాన్ని తాకుతుంది, ఆ తర్వాతే వెనక చక్రాన్ని. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సిటీ లాంటి బండికి ఆ వ్యవధి సెకనులో ఆరోవంతు కంటే కొంచెం తక్కువ. వెనక భాగం ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టినా కాస్త వడిగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒక్క పలకలా లేచి దిగుతుంది. తిరగబడితే ముక్కు లేచినప్పుడు తోక దిగుతుంది, లోపలివాళ్ల తలలు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ముందు వైపు సందు ఎక్కువగా కనిపిస్తోందని అక్కడ మాత్రమే బిరుసు స్ప్రింగులు వేయించుకునేవాళ్లు చెడగొట్టుకునేది సరిగ్గా ఈ పొందికనే. స్ప్రింగులు మారిస్తే నాలుగూ కలిపి, ఒకే కంపెనీ ఆ మోడల్ కోసం చేసిన సెట్టే వేయించాలి.

సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నదే సుఖానికి కొలబద్ద. కుటుంబ సెడాన్లు సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగుతాయి. స్పోర్ట్స్ కార్లు రెండు వరకూ వెళ్తాయి. మన లెక్కలోని బండికి ముందు చక్రం మీద 300 కిలోల బరువుంటే ఊపు 1.3 దగ్గర ఉంటుంది. బిరుసు పాతిక శాతం పెంచితే 1.45 అవుతుంది. ఇంకా సుఖం గీత లోపలే ఉన్నాం. రెట్టింపు చేస్తే 1.8 దాటుతుంది, అప్పుడు నాయనమ్మ మాట నిజమవుతుంది. మనిషి శరీరానికి అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది సెకనుకు 4 నుంచి 8 సార్ల నిలువు కుదుపు. పొట్టలో అవయవాలు ఆ ఊపుకే ఎక్కువ కదులుతాయి. బండి మెల్లగా ఊగినంత కాలం ఆ బాధ దూరంగా ఉంటుంది.

లెక్క ఇంకా తెగలేదు. 55 మి.మీ. జాగాలో పాతిక శాతం బిరుసు పెరిగిన స్ప్రింగు, పాత స్ప్రింగు 80 మి.మీ.లో తీసుకున్న దెబ్బలో అరవై శాతమే తీసుకుంటుంది. మిగిలిన నలభై ఎవరు మొయ్యాలి? షాక్ అబ్జార్బరూ, బంప్ స్టాపూ. మన షెడ్లలో నిర్లక్ష్యానికి గురయ్యేవి ఈ రెండే.

షాక్ అబ్జార్బర్ పని స్ప్రింగు ఊపును ఆపడం. బిరుసు స్ప్రింగు విదిలించినప్పుడు తిరిగి వచ్చే వేగం ఎక్కువ. పాత షాకులకు దాన్ని పట్టుకునే బలం చాలదు. అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగిన షాకుల మీద కొత్త లోయరింగ్ స్ప్రింగులు పెట్టడం డబ్బు ఆదా అనుకుంటారు చాలామంది. నిజానికి దించిన బండ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి రెండు మూడుసార్లు గెంతుతుందంటే స్ప్రింగును తిట్టి లాభం లేదు. తగ్గించిన ఎత్తుకు సరిపోయేలా పొట్టి కడ్డీతో చేసిన షాకులు దొరికితే వాటినే వేయించాలి. అలాగని మరీ గట్టివి వేసినా చిక్కే. తిరిగి సాగే వేగాన్ని అతిగా బిగబట్టే షాకు, గతుకుల వరస మీద ప్రతి గతుక్కీ చక్రాన్ని పూర్తిగా కిందికి దిగనివ్వదు. నాలుగు గతుకులు దాటేసరికి బండి తనంతట తానే ఇంకా కిందికి కూరుకుపోతుంది. మళ్లీ జాగా పోయినట్టే.

బంప్ స్టాపు మాట. పాత రబ్బరు దిమ్మెల కాలం పోయింది. ఇప్పటి కార్లలో ఉండేది సన్నటి గాలి గదులున్న పాలీయురేథేన్ నురగ ముక్క. మొదట మెత్తగా నలుగుతుంది, నలిగేకొద్దీ గట్టిపడుతుంది. అదొక రెండో స్ప్రింగు. దించిన బండికి ఆ ముక్కను కొలతగా పొట్టిది చేయాలి, లేదా కిట్టుతో వచ్చిన పొట్టి ముక్కను వేయాలి. కొందరు పూర్తిగా పీకి పారేస్తారు, జాగా పెరుగుతుందని. అప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది, షాకు లోపలి వాల్వులు పగులుతాయి, పైనున్న టాప్ మౌంటు చీలుతుంది.

స్ప్రింగు కోయడం మన ఊళ్లలో ఇంకా బతికే ఉంది. ఆరు చుట్లున్న స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే మిగిలిన ఐదూ ఇరవై శాతం బిరుసవుతాయి, బండి దిగుతుంది, ఖర్చు గ్రైండర్ చక్రం మందమే. కానీ స్ప్రింగు చివర కప్పులో కూర్చోవడానికి కంపెనీ ఇచ్చిన ఆకారం పోతుంది. జాకీ ఎత్తినప్పుడో, చక్రం లోతు గుంతలోకి జారినప్పుడో స్ప్రింగు వదులై పక్కకు జరగవచ్చు. ఇంకొందరు గ్యాస్ మంటతో కాలుస్తారు. ఎర్రగా కాలిన ఉక్కు తన పదును పోగొట్టుకుంటుంది. కొంతకాలానికి కుంగుతుంది, లేదా విరుగుతుంది. లారీల కమాను పట్టీలకు పదును పెట్టే పాత కమ్మరులకు ఈ సంగతి బాగా తెలుసు. కాలిన తర్వాత నూనెలో చల్లార్చి, మళ్లీ కొలతగా వేడి చేస్తేగానీ పట్టీ పనికిరాదు. షెడ్డులో మంట పెట్టేవాడికి ఆ రెండో పని చేసే వీలే లేదు.

బండి ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి. మన సెడాన్లలో చాలావాటికి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్ ఉంటాయి. స్ట్రట్ కనిపెట్టిన ఎర్ల్ మాక్‌ఫర్సన్ అమెరికన్ ఇంజనీరు. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఆ ఏర్పాటు లోకానికి పరిచయమైంది. తక్కువ ముక్కలు, తక్కువ ఖర్చు. కానీ బండిని దించినప్పుడు దాని లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. దాంతో బాడీ పక్కకు ఒరిగే కేంద్రం, బండి బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. మరీ దించిన బండి మలుపులో తక్కువ ఒరగాల్సింది పోయి ఎక్కువ ఒరగడానికి ఇదే కారణం. టైరు లోపలి అంచు అరగడం, స్టీరింగ్ గతుకుల మీద చేతిలో మెలి తిరగడం కూడా ఇక్కడివే. అందుకే వీల్ అలైన్‌మెంట్ పని ఐపోగానే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక రెండు మూడు వారాలకు ఇంకోసారి చేయించాలి. హెడ్‌లైట్ల వాలు కూడా సరిచూడాలి.

ఒక చిన్న పని మీద పట్టుబట్టాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లలో ఉండేది రబ్బరు. బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడే బోల్టులు బిగిస్తే, కిందికి దింపగానే ఆ రబ్బరు మెలిపడిపోయి, తానూ ఒక స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. బండి అకారణంగా బిరుసుగా ఉంటుంది, బుష్‌లు త్వరగా చినుగుతాయి. చక్రాల మీద బరువు పడ్డాకే ఆ బోల్టులు చివరిగా బిగించాలి. ఐదు నిమిషాల పని.

టైర్ల దగ్గర పొదుపుగా ఉండాలి. హైదరాబాదు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీద వెళ్తుంటే ప్రతి అతుకు దగ్గరా టక్‌మని చప్పుడు వినిపిస్తుంది. అంత చిన్న, పదునైన దెబ్బకు స్ప్రింగు కదిలే తీరిక ఉండదు. దాన్ని మింగేది టైరు పక్క గోడా, రబ్బరు బుష్‌లూ. 185/60 ఆర్15 టైరు పక్క గోడ 111 మి.మీ. దాని బదులు 205/45 ఆర్17 వేస్తే 92. పెద్ద చక్రాల బరువు కూడా తోడవుతుంది. బండిని దించడం, చక్రం పెంచడం రెండూ ఒకేసారి చేసినవాళ్లు కుదుపు ఏ దారిన వచ్చిందో తేల్చుకోలేక స్ప్రింగులు మళ్లీ మళ్లీ మారుస్తుంటారు. ముందు దించి, నెల నడిపి, అప్పుడు చక్రాల సంగతి ఆలోచించడం మంచిది.

కిందికి దిగిన కార్ల చరిత్రలో ఇదే పాఠాన్ని రెండు దేశాలు రెండు రకాలుగా నేర్చుకున్నాయి. కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు కార్లను నేలకు తాకేంత దించి, వీధుల్లో నెమ్మదిగా ఊరేగేవారు. వీళ్లకే లోరైడర్లని పేరు. 1958 జనవరి 1 నుంచి అక్కడి చట్టం, చక్రం రిమ్ము అడుగు కంటే కిందికి కారు భాగమేదీ ఉండకూడదంది. మరుసటి ఏడాదే రాన్ అగిరే అనే యువకుడు తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనిపిస్తే బండి లేస్తుంది, వెళ్లిపోగానే దిగుతుంది. అయితే నూనె నలగదు. నూనె మీద నిలబడ్డ బండి రాయిలా బిరుసుగా ఉంటుంది. అంతకు ముందే, 1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్ వచ్చింది. ఇంజనీరు పాల్ మాజెస్ రూపొందించిన ఆ సస్పెన్షన్‌లోనూ నూనే ఉంది. కానీ ప్రతి చక్రానికీ ఒక ఉక్కు గోళం, అందులో నైట్రోజన్ వాయువు. నూనె ఎత్తు చూసుకుంటుంది, వాయువు నలిగి కుదుపు మింగుతుంది. ఇంజను ఆపి వదిలేస్తే నేలమీద కూర్చునే ఆ కారు, నడుస్తున్నప్పుడు పరుపులా తేలేది. తర్వాతి రోజుల్లో లోరైడర్లు కూడా తమ హైడ్రాలిక్స్‌కు నైట్రోజన్ సీసాలు తగిలించుకున్నారు. ఇద్దరికీ సుఖం తెచ్చిపెట్టింది నలిగేందుకు దొరికిన జాగాయే. ఇప్పుడు మన నగరాల్లో కొందరు వేయించుకుంటున్న ఎయిర్ సస్పెన్షన్ కూడా ఆ కోవలోదే. కాలనీ గట్టు రాగానే మీట నొక్కి బండిని పైకి లేపుకోవచ్చు, ఖర్చు మాత్రం మామూలు స్ప్రింగులకు ఎన్నో రెట్లు.

చట్టం విషయంలో తేలిగ్గా ఉండకూడదు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్టంలో చేసిన సవరణ, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వేయవచ్చంది. పని మొదలుపెట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో అడగాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. పాత స్ప్రింగులను గోనెసంచిలో చుట్టి ఇంట్లో దాచుకుంటే, కావలసినప్పుడు బండిని మళ్లీ పాత ఎత్తుకు తేవచ్చు.

అంతా చేశాక జాగా నిజంగా మిగిలిందా లేదా తెలుసుకోవడానికి రేసు మెకానిక్‌లు వాడే చిట్కా ఒకటుంది. షాకు కడ్డీ మీదున్న రబ్బరు తొడుగును పైకి జరిపి, కడ్డీకి ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగుతుగా చుట్టి, షాకు గొట్టం అంచుకు ఆనేలా కిందికి దించాలి. కుటుంబంతో సహా వారం రోజులు రోజూ తిరిగే దారుల్లోనే తిరగాలి. కడ్డీ లోపలికి దిగినప్పుడల్లా టై పైకి జరుగుతుంది, తిరిగి రాదు. వారం తర్వాత చక్రం విప్పి చూస్తే, ఆ ప్లాస్టిక్ ముక్కకూ బంప్ స్టాపుకూ మధ్య ఎంత కడ్డీ శుభ్రంగా మెరుస్తోందో కొలవచ్చు. వేలెడు మిగిలితే స్ప్రింగు అలాగే ఉంచవచ్చు. టై నురగ ముక్కలోకి నొక్కుకుపోయి కనిపిస్తే, గోనెసంచి విప్పే ముందు ఒక పది మిల్లీమీటర్లు పైకి లేపి ఇంకో వారం చూడవచ్చు.